రిపోర్ట్ వచ్చేదాకా గొంతునొప్పిని ఇంట్లో ఎలా తట్టుకోవాలి

గొంతులో స్వాబ్, అంటే దూదిపుల్లతో శాంపిల్, తీయించుకుని ఇంటికొచ్చేశారు, అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ రిపోర్ట్‌కి 48 గంటలు పడుతుందన్నారు, ఈలోపు గుటక వేస్తే చాలు ముల్లు దిగినట్టుంది, తిందామంటే భయం, పడుకుందామంటే నోరెండిపోతోంది, ఆఫీసు మెసేజ్‌లు మాత్రం ఆగట్లేదు. ఈ రెండు మూడు రోజులు ఎలా గడపాలో చెప్దామని రాస్తున్నా. నేను డాక్టర్‌ని కాదు. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో పదమూడేళ్ళుగా ఉంటున్నా, మొదట మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో, ఇప్పుడు సొంత సంసారం, ఏటా వానాకాలం రాగానే టాన్సిల్స్ వాచే ఏడేళ్ళ బాబు ఉన్నాడు. అందుకని ఈ ఎదురుచూపు నాకు బాగా అలవాటైపోయింది, మొదట్లో చేసిన తప్పులు కూడా ఇందులోనే చెప్తా.

ముందు ఇంట్లో ఉండొచ్చో లేదో చూస్కోండి

ఉప్పునీళ్ళ కంటే ముందు చేయాల్సింది ఇదే. ఫోన్ టార్చ్ వేసి అద్దం ముందు నోరు బాగా తెరిచి చూస్కోండి, లేదా ఇంట్లో ఎవరినైనా చూడమనండి. ఎర్రగా ఉంది, టాన్సిల్స్ మీద తెల్లచుక్కలున్నాయి, దవడ కింద బిళ్ళలు కట్టి ముట్టుకుంటే నొప్పిగా ఉన్నాయి, ఇవన్నీ డాక్టర్ చూసే కదా టెస్ట్ రాశారు, వీటికి మళ్ళీ కంగారు పడక్కర్లేదు. కానీ సొంత ఉమ్ము కూడా మింగలేక బయటికి కారిపోతున్నా, నోరు సరిగ్గా తెరుచుకోకపోయినా, గొంతు ఒకవైపే బాగా ఉబ్బి కొండనాలుక పక్కకి జరిగినట్టు కనిపించినా, నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు మాట మారిపోయినా అది మామూలు గొంతునొప్పి కాదు, టాన్సిల్ వెనకాల చీము పట్టి ఉండొచ్చు. ఊపిరి పీలుస్తుంటే శబ్దం రావడం, మెడ బిగుసుకుపోయి వంచలేకపోవడం, గొంతులో బూడిదరంగు పొర పట్టినట్టు ఉండటం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా యూరిన్ రాకపోవడం, మనిషి మత్తుగా అయిపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా రిపోర్ట్ కోసం ఆగకూడదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. 108 కర్ణాటకలో కూడా అదే నంబర్.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. థైరాయిడ్ ఎక్కువై కార్బిమజోల్ వాడేవాళ్ళు, కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు, కీమో నడుస్తున్నవాళ్ళు, వీళ్ళకి గొంతునొప్పితో పాటు జ్వరం వస్తే ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేసి మందు పేరు చెప్పాలి. ఆ మందుల వల్ల తెల్లరక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది, ఆ రోజే సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూసే టెస్ట్, చేయించాల్సి రావచ్చు. వీళ్ళకి ఇంట్లో పుక్కిలించుకుంటూ కూర్చునే టైమ్ లేదు.

డౌట్‌గా ఉంటే మధ్యాహ్నమే బయల్దేరండి, సాయంత్రం ఆరు దాటాక అవుటర్ రింగ్ రోడ్డు మీద కారు ఎక్కడ ఇరుక్కుంటుందో మీకు తెలిసిందే.

డబ్బాలో మిగిలిన యాంటీబయాటిక్ జోలికి వెళ్ళకండి

గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే, వాటికి యాంటీబయాటిక్ పని చేయదు, వారం లోపు వాటంతటవే తగ్గుతాయి. మరి టెస్ట్ ఎందుకు రాశారంటే ముఖ్యంగా స్ట్రెప్ అనే బ్యాక్టీరియా ఉందేమో తేల్చుకోవడానికి, గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ అంటారు. ఐదు నుంచి పదిహేనేళ్ళ పిల్లల్లో ఇది ఎక్కువ. దాన్ని వదిలేస్తే కొందరిలో కొన్ని వారాల తర్వాత రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి, మన దేశంలో ఇది ఇంకా ఉన్న జబ్బే. కానీ మొదలైన 9 రోజుల్లోపు సరైన యాంటీబయాటిక్ మొదలుపెడితే ఆ ప్రమాదాన్ని ఆపొచ్చు. అంటే రిపోర్ట్ కోసం రెండు రోజులు ఆగినంత మాత్రాన ఆ విషయంలో కొంప మునగదు. నాకు ఈ ఒక్క సంగతి ముందే ఎవరైనా చెప్పుంటే రెండు రాత్రులు నిద్ర పట్టేది.

ఎందుకంటే బాబుకి నాలుగేళ్ళప్పుడు నేను ఆగలేకపోయా. అంతకుముందు కోర్సులో మిగిలిపోయిన సిరప్ ఫ్రిజ్‌లో ఉంటే రెండు డోసులు వేసేశా, మర్నాడు స్వాబ్ తీయించా, రిపోర్ట్‌లో ఏమీ పెరగలేదని వచ్చింది. డాక్టర్ గారు నిదానంగా అడిగారు, ముందు ఏమైనా మందు వేశారా అమ్మా అని. వేశానన్నాక, అయితే ఈ రిపోర్ట్‌ని నమ్మలేం, బ్యాక్టీరియా నిజంగా లేదో, మీరు వేసిన మందుకి ఆ శాంపిల్‌లో పెరగలేదో చెప్పలేం అన్నారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దలు అన్నది అచ్చం ఇలాంటిదే. కాబట్టి ఇంకా స్వాబ్ ఇవ్వకపోతే ముందు అది ఇచ్చేయండి, ఇచ్చే ముందు బెటడిన్ లాంటి మందుతో పుక్కిలించకండి. ఇచ్చేశాక కూడా డాక్టర్ మొదలుపెట్టమంటేనే యాంటీబయాటిక్. మనిషి పరిస్థితి చూసి ఒక్కోసారి రిపోర్ట్ రాకముందే వాళ్ళే మొదలుపెట్టమంటారు, అప్పుడు వాడాల్సిందే. మెడికల్ షాప్ అతను అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు రోజులకి చేతిలో పెడితే మాత్రం వద్దనండి.

ఉప్పునీళ్ళు, కానీ లెక్కగా

అందరికీ తెలుసనుకుంటాం గానీ సరిగ్గా చేసేవాళ్ళు తక్కువ. ఒక మామూలు గ్లాసు అంటే సుమారు 240 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు, అందులో అర టీస్పూన్ ఉప్పు. గుప్పెడు వేస్తే త్వరగా తగ్గదు, పైగా గొంతు ఇంకా మండి ఎండిపోతుంది. ఉప్పు పూర్తిగా కరిగేదాకా కలపండి. వేలు పెడితే హాయిగా అనిపించాలి, అంతే వేడి, టీ తాగేంత వేడి అక్కర్లేదు.

ఒక గుక్క నోట్లో పోసుకుని తల వెనక్కి వాల్చి గరగరమని ఇరవై ముప్పై సెకన్లు ఆడించి ఉమ్మేయండి, మళ్ళీ ఇంకో గుక్క, అలా గ్లాసు అయ్యేదాకా. ఒక్క గుక్కతో అయిపోయిందనిపించుకుని బేసిన్ దగ్గర్నుంచి వచ్చేయొద్దు. మింగొద్దు, బీపీ ఉన్నవాళ్ళు అసలే మింగొద్దు. రోజుకి నాలుగైదు సార్లు చేయండి, లేవగానే, తిన్న తర్వాత, పడుకునే ముందు తప్పకుండా. ఉప్పునీళ్ళు వైరస్‌ని చంపవు, వాచిన కండలో చేరిన నీటిని కొంత బయటికి లాగి కఫాన్ని కడిగేస్తాయి, అందుకే ఓ గంటో రెండు గంటలో హాయిగా ఉండి మళ్ళీ మొదలవుతుంది. నొప్పి తిరిగి వచ్చింది కాబట్టి ఇది పని చేయలేదని వదిలేయకండి, దాని పనే అంత.

పీజీలో ఉన్నవాళ్ళకి కిచెన్‌లోకి రానివ్వరు, వేడినీళ్ళు గీజర్ టైమింగ్స్‌లోనే వస్తాయి, అసలు ఆ గీజర్ నీళ్ళు గార్గిల్‌కి వాడొద్దు కూడా, తాగే క్యాన్ నీళ్ళే వాడండి. ఒక చిన్న ఎలక్ట్రిక్ కెటిల్, ఒక ఫ్లాస్క్ ఉంటే చాలు. పొద్దున్నే కాచి ఫ్లాస్క్‌లో పోస్కుంటే ఆఫీసులో లంచ్ తర్వాత కూడా ఒకసారి చేస్కోవచ్చు. ఉప్పు మెస్ వాళ్ళని చిన్న పొట్లంలో కట్టివ్వమంటే ఇస్తారు, నేను పీజీలో ఉన్నప్పుడు మా మెస్ ఆంటీ నేను అడగకుండానే ఫ్లాస్క్ నింపి పెట్టేది, ఆ ఇల్లు ఖాళీ చేసి పదేళ్ళయినా గొంతు నొప్పొస్తే ఆవిడే గుర్తొస్తుంది.

ఐదారేళ్ళ లోపు పిల్లలకి పుక్కిలించడం రాదు, మింగేస్తారు. వాళ్ళతో బలవంతంగా చేయించకండి.

నొప్పి మాత్ర, ఇదే అసలు రిలీఫ్

కషాయాలన్నీ పట్టి పట్టి తాగి ఒక్క పారాసెటమాల్ వేసుకోవడానికి మొహమాటపడేవాళ్ళు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు, "జ్వరం లేదు కదా ఎందుకు" అంటారు. జ్వరం లేకపోయినా గొంతునొప్పికి అది పని చేస్తుంది. నొప్పి తగ్గితేనే నీళ్ళు తాగగలరు, నీళ్ళు తాగితేనే గొంతు తడిగా ఉంటుంది, అందుకని దీన్నో బలహీనతలా చూడకండి.

పెద్దవాళ్ళకి 650 మిల్లీగ్రాముల మాత్ర, మన బెంగళూరు కంపెనీదే అయిన డోలో అయినా ఇంకేదైనా, కనీసం ఆరు గంటల గ్యాప్‌తో, రోజుకి నాలుగు దాటకుండా. తినడానికి అరగంట ముందు వేస్కుంటే సరిగ్గా భోజనం టైమ్‌కి గుటక కాస్త సులువవుతుంది, ఈ చిన్న టైమింగ్ చాలా పని చేస్తుంది. లివర్ సమస్య ఉన్నవాళ్ళు, రోజూ మద్యం తాగే అలవాటున్నవాళ్ళు, బాగా బక్కగా ఉన్నవాళ్ళు డోసు డాక్టర్‌ని అడిగే వేస్కోవాలి.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ ముందే కలిపి ఉంటుంది. పొద్దున జలుబు మాత్ర, మధ్యాహ్నం డోలో, రాత్రి ఇంకో ఫ్లూ మాత్ర అంటే తెలీకుండానే డోసు డబుల్ అయిపోతుంది, లివర్‌కి దెబ్బ. స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి, కళ్ళజోడు తెచ్చుకుని మరీ చదవండి.

రెండోది డెంగీ. బెంగళూరులో వానలు మొదలైతే ఏ జ్వరానికైనా సీబీసీతో పాటు ఎన్ఎస్1 అనే డెంగీ టెస్ట్ కూడా రాస్తుంటారు, గొంతునొప్పితో మొదలైన జ్వరానికి కూడా. ఆ రిపోర్ట్ నెగటివ్ అని వచ్చి డాక్టర్ సరే అనేదాకా ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఏవీ వద్దు, డెంగీ అయితే వాటి వల్ల రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. నొప్పికి వేసుకునే కాంబిఫ్లామ్ మాత్రలో పారాసెటమాల్‌తో పాటు ఇబుప్రోఫెన్ ఉంటుందని చాలామందికి తెలీదు. గుండెకి ఆస్పిరిన్ రోజూ వాడే పెద్దవాళ్ళు మాత్రం సొంతంగా ఆపేయకూడదు, డాక్టర్‌కి ఫోన్ చేసి అడగాలి. పిల్లలకి జ్వరంలో ఆస్పిరిన్ ఎప్పుడూ ఇవ్వకూడదు, అది డెంగీ ఉన్నా లేకపోయినా.

పిల్లల పారాసెటమాల్ సిరప్ బరువుని బట్టి, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక డోసు. కానీ సిరప్‌లు రెండు మూడు రకాల బలాల్లో దొరుకుతాయి, 5 మిల్లీలీటర్లలో 120 ఉన్నదీ ఉంటుంది, 250 ఉన్నదీ ఉంటుంది, పాత సీసా అలవాటుతో కొత్త సీసా పోసేయకండి. డాక్టర్ రాసిన చీటీ, సీసా మీద నంబర్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

చప్పరించే బిళ్ళలు పెద్దవాళ్ళకి బాగానే ఉపయోగపడతాయి, ఎక్కువగా ఉమ్ము ఊరడం వల్లే ఆ హాయి, పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నా దాదాపు అంతే. చిన్నపిల్లలకి ఇవ్వొద్దు, గొంతులో అడ్డుపడుతుంది. నొప్పి మరీ భరించలేనంతగా ఉంటే బెంజిడమిన్ అని గొంతుని కాసేపు మొద్దుబార్చే గార్గిల్ ఉంటుంది, డాక్టర్‌ని అడగండి. మెడికల్ షాప్‌లో తెలుగు అర్థం కాకపోతే "గంటలు నోవు" అనండి, కన్నడంలో గంటలు అంటే గొంతు. నేను వచ్చిన కొత్తలో ఆ మాట విని ఎన్ని గంటల నుంచి నొప్పి అని అడుగుతున్నాడనుకున్నా.

ఏం తాగాలి, ఏం తినాలి

గంటకోసారి నాలుగు గుక్కలు, ఇదే రూల్. దాహం వేసినప్పుడు ఒకేసారి చెంబుడు తాగడం ఈ టైమ్‌లో కుదరదు, నొప్పికి భయపడి సాయంత్రానికి అరలీటరు కూడా తాగి ఉండరు. యూరిన్ ముదురు పసుపులో వస్తుంటే తాగింది చాలట్లేదని.

వేడివే తాగాలని లేదు. మా అమ్మ ఫోన్‌లో ఇప్పటికీ ఒప్పుకోదు గానీ, చల్లటిది హాయిగా ఉంటే చల్లటిదే తాగొచ్చు, ఐస్‌క్రీమ్ కూడా తినొచ్చు, చలువ వల్ల వాచిన చోట నొప్పి మొద్దుబారుతుంది. టాన్సిల్స్ ఆపరేషన్ అయిన పిల్లలకి డాక్టర్లే ఐస్‌క్రీమ్ పెట్టమంటారు కదా. అలాగే పాలు తాగితే కఫం పెరుగుతుందనేది కూడా నిజం కాదు, పాలు నోట్లో కాస్త చిక్కగా అనిపిస్తాయి అంతే. మీ గొంతుకి ఏది హాయిగా ఉంటే అది, వేడి అయినా చల్లనైనా.

తేనె మంచిదే, ముఖ్యంగా దగ్గు కూడా ఉంటే. ఒక స్పూన్ గోరువెచ్చని నీళ్ళలో, లేదా ఉత్తగానే నాలుక మీద వేసుకుని మెల్లగా మింగండి, షుగర్ ఉన్నవాళ్ళు లెక్కలో పెట్టుకోండి. ఏడాది నిండని పాపాయికి మాత్రం తేనె చుక్క కూడా నాకించొద్దు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, బామ్మలు ఎంత ముచ్చటపడినా సరే.

పసుపు పాలు, మిరియాల పాలు, శొంఠి కషాయం, తులసి నీళ్ళు, ఇవన్నీ తాగొచ్చు. ఇవి జబ్బుని తగ్గిస్తాయని నేను చెప్పను, వెచ్చగా దిగుతుంటే గొంతుకి ఊరటగా ఉంటుంది, ఇంట్లోవాళ్ళు కాచి ఇచ్చారన్న తృప్తి కూడా ఒకటుంటుంది. మిరియాలు మాత్రం చేయి తగ్గించి వేయండి, పుండులా ఉన్న గొంతుకి ఘాటు తగిలితే ప్రాణం పోతుంది. ఇక్కడ షాపుల్లో ధనియాలు, జీలకర్ర, మిరియాలు కలిపిన కషాయం పొడి దొరుకుతుంది, పాలు, బెల్లం వేసి కాస్తారు, మన కషాయం కంటే మెత్తగా ఉంటుంది, పిల్లలు కూడా తాగుతారు. అతిమధురం చిన్నముక్క బుగ్గన పెట్టుకోవడం మంచి అలవాటే గానీ బీపీ ఉన్నవాళ్ళకి వద్దు, అది బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది.

తిండికొస్తే మన ఆంధ్రా మెస్ భోజనం ఈ రెండు రోజులు మానేయండి, కందిపొడి, గోంగూర, ఆవకాయ, అప్పడం, ఏవీ వద్దు. పొడిగా ఉన్నవి గీసుకుంటూ పోతాయి, పులుపు, కారం మండుతాయి. నిమ్మరసం కూడా చాలామందికి మండుతుంది, విటమిన్ కోసమని బలవంతంగా తాగక్కర్లేదు. మెత్తగా ఉడికిన పొంగలి, పాలల్లో నానబెట్టిన ఇడ్లీ, కారం లేని పప్పుచారులో గుజ్జులా కలిపిన అన్నం, పెరుగన్నం, కిచిడీ, ఉడికించిన గుడ్డు మెదిపి, అరటిపండు. అన్నిటికంటే రాగిజావ. రాగిపిండి బెంగళూరులో ఏ సందు షాపులోనైనా దొరుకుతుంది, రెండు స్పూన్లు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న గ్లాసున్నర నీళ్ళలో పోసి కలుపుతూ ఏడెనిమిది నిమిషాలు ఉడికించండి, చల్లారాక మజ్జిగ, చిటికెడు ఉప్పు. మజ్జిగ పులుపు తగిలితే పాలు, బెల్లం వేస్కోండి. మా బాబు అన్నం ముట్టని రోజుల్లో మూడు పూటలా ఇదే తాగి నిలబడ్డాడు.

రాత్రిపూట

అసలు కష్టం రాత్రే. పగలు ఎలాగో గడుస్తుంది, రెండింటికి మెలకువ వచ్చేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయి, మొదటి గుటకకి కళ్ళల్లో నీళ్ళొస్తాయి. దీనికి సగం కారణం ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి పీల్చడం. పడుకునే ముందు మామూలు సెలైన్ చుక్కలు రెండేసి ముక్కులో వేస్కోండి, ఇంకో తలగడ పెట్టి తల ఎత్తు చేస్కోండి. ఏసీ ఆపేయండి, ఫ్యాన్ గాలి నేరుగా మొహానికి తగలకుండా పక్కకి జరగండి, బెంగళూరులో రాత్రి కిటికీ ఓరగా తెరిస్తే చాలా నెలలు చాలు. దోమల కాయిల్, అగరుబత్తి, ముఖ్యంగా సాంబ్రాణి పొగ వద్దు. జలుబంటే చాలు సాంబ్రాణి వేసే అలవాటు మన ఇళ్ళలో ఉంది, వాచిన గొంతుకి ఆ పొగ ఇంకా మంట. దోమలకి తెర కట్టుకోండి. సిగరెట్ తాగేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మంచం పక్కన ఫ్లాస్క్‌లో గోరువెచ్చని నీళ్ళు, గ్లాసు, ఆ రోజు మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో రాసిన కాగితం పెట్టుకోండి. నిద్రమత్తులో వేసుకున్నామో లేదో గుర్తుండదు, అందుకే కాగితం. అదే కాగితం మీద జ్వరం ఎంతుందో కూడా రాయండి, 100.4 ఫారెన్‌హీట్ దాటితే జ్వరం కింద లెక్క, డాక్టర్‌కి ఫోన్ చేసినప్పుడు "నిన్నంతా ఉందండి" అనడం కంటే "రాత్రి పదింటికి 102, మాత్ర వేశాక 99" అంటే వాళ్ళకి ఎంతో ఉపయోగం.

గొంతుకి రెస్ట్ ఇవ్వండి, కాల్స్‌లో చాట్‌లో టైప్ చేస్తానని చెప్పేయండి. గుసగుసగా మాట్లాడటం రెస్ట్ కాదు, దానివల్ల స్వరపేటిక ఇంకా శ్రమపడుతుంది, తప్పదనుకుంటే మామూలు గొంతుతోనే మెల్లగా రెండు ముక్కలు మాట్లాడండి.

రిపోర్ట్ వచ్చేదాకా మీది అంటుకునేదే అనుకుని ఉండండి, గ్లాసు, స్పూన్, టవల్ వేరు, దగ్గు వస్తే మాస్క్. పీజీలో షేరింగ్ రూమ్ అయితే రూమ్మేట్‌కి చెప్పండి, దాచకండి. స్కూల్‌కి పంపొద్దు.

చేయొద్దని చేతులు పట్టుకుని చెప్పేవి

ఆవిరి. బేసిన్‌లో మరిగే నీళ్ళు పోసి దుప్పటి కప్పుకుని పట్టే ఆవిరి వల్ల గొంతునొప్పికి పెద్ద లాభం కనబడదు, కానీ ఆ గిన్నె తిరగబడి తొడలు, పొట్ట కాలి ఆసుపత్రుల పాలైన పిల్లలు ఎంతోమంది. పిల్లలకి అస్సలు పట్టించొద్దు. పెద్దవాళ్ళకి పట్టాలనిపిస్తే వేడినీళ్ళ స్నానం చేసి ఆ బాత్రూమ్‌లోనే ఐదు నిమిషాలు నిలబడండి, చాలు.

మెడకి పసుపు, సున్నం కలిపి పట్టు వేయడం ఒకటుంది, సున్నం చర్మాన్ని కాల్చేస్తుంది. కొండనాలుక జారిందని గరిటె కాడతో ఉప్పు, మిరియాల పొడి అద్దేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళది ప్రేమే, కాదనను, కానీ వాచిన చోట గుచ్చితే గాయమవుతుంది, పిల్లలు ఏడుస్తూ ఊపిరి పీల్చినప్పుడు ఆ పొడి లోపలికి పోతుంది. బెటడిన్ గార్గిల్ రోజుల తరబడి సొంతంగా వాడకండి, అందులో అయోడిన్ ఉంటుంది, థైరాయిడ్ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోకూడదు.

రిపోర్ట్ చేతికొచ్చాక

సీబీసీ సాధారణంగా ఆ రోజే వస్తుంది. కల్చర్‌కి 24 నుంచి 48 గంటలు, ఏదైనా పెరిగితే దానికి ఏ మందు పని చేస్తుందో చూడటానికి ఇంకో రోజు. శనివారం సాయంత్రం ఇచ్చిన శాంపిల్‌కి ఆదివారం ఎవరూ ఉండరేమో, ఇచ్చేటప్పుడే అడగండి. పోయినేడు బాబుది శుక్రవారం ఇస్తే ఆ ల్యాబ్ వాళ్ళు మంగళవారం దాకా పంపలేదు, నేనేమో రిపోర్ట్ రాలేదంటే అంతా బాగానే ఉందనుకుంటూ కూర్చున్నా. చెప్పిన టైమ్ దాటిన గంటకే ఫోన్ చేసి అడగండి, మొహమాటం వద్దు.

అందులో "నార్మల్ ఫ్లోరా" అని ఉంటే నోట్లో అందరికీ ఉండే మామూలు బ్యాక్టీరియానే పెరిగిందని అర్థం, భయపడి మందు అడగక్కర్లేదు, చాలావరకు వైరస్ అన్నమాట. స్ట్రెప్ పాజిటివ్ వస్తే పెనిసిలిన్ జాతి మందు, మామూలుగా 10 రోజుల కోర్సు రాస్తారు, పెనిసిలిన్ ఎలర్జీ ఉంటే ముందే చెప్పండి. రెండో రోజుకే గొంతు బాగైపోయినా పది రోజులూ వేయాలి, గుండెని కాపాడేది ఆ పూర్తి కోర్సే. మొదలుపెట్టిన ఒక రోజు తర్వాత ఇంకొకరికి అంటుకునే అవకాశం బాగా తగ్గుతుంది, స్కూల్‌కి ఎప్పుడు పంపాలో అప్పుడు అడగండి. ఏఎస్ఓ టైటర్ అనే రక్తపరీక్ష కూడా చేయించి అది ఎక్కువ వచ్చిందని కంగారుపడేవాళ్ళని చూశా, అది ముందు ఎప్పుడో స్ట్రెప్ సోకిందని చెప్తుంది, ఇవాళ్టి నొప్పి దానివల్లేనని కాదు, అది డాక్టర్ తేల్చాల్సిన విషయం. మళ్ళీ మళ్ళీ కన్సల్టేషన్ ఫీజు కట్టలేనివాళ్ళు దగ్గర్లో ప్రభుత్వం నడిపే నమ్మ క్లినిక్ ఎక్కడుందో కనుక్కోండి, అక్కడ చూపించుకోవడం ఉచితం.

ఒంటిమీద గరుకు కాగితంలా ఎర్రటి దద్దుర్లు వచ్చినా, మందు మొదలుపెట్టాక దద్దుర్లు వచ్చినా, మూడో రోజుకి కూడా జ్వరం దిగకపోయినా రిపోర్ట్ ఏం చెప్పినా సరే మళ్ళీ చూపించండి. వైరస్సే అన్నాక కూడా పది రోజులకి నొప్పి అలాగే ఉంటే వెళ్ళండి, మిగతావన్నీ తగ్గి గొంతు మాత్రం బొంగురుగా మూడు వారాలు దాటి ఉండిపోతే ఈఎన్‌టీ దగ్గరికి. వెళ్ళేటప్పుడు మంచం పక్కన పెట్టుకున్న ఆ కాగితం, వాడిన మాత్రల స్ట్రిప్‌లు కూడా బ్యాగ్‌లో వేస్కోండి.